చెంపదెబ్బకు ముందు

సీరియల్‌లో చెంపదెబ్బ ఎప్పుడు పడుతుందో గోపమ్మ ముందే చెప్పేస్తుంది. కోస్గిలో పొద్దుగూకే వేళ మేకలను దొడ్లోకి తోలి, ఒళ్లో చాట పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తూ టీవీ ముందు కూర్చుంటుంది. "సప్పుడు పెంచిండ్రు. ఇగ అందరి మొకాలు సూపిస్తరు. అటెన్క కొడ్తడు," అంటుంది. సబ్బు ప్రకటనలో పసిపాప నవ్వితే, "గీ నవ్వుతోనే అమ్ముతరు," అని పెదవి విరుస్తుంది. కోడలు పుష్ప కళ్లు తుడుచుకుంటే మాత్రం ఊరుకోదు. "గదంత మనల్ని ఏడ్పిచ్చెటందుకే బిడ్డా. నిజంగ కొట్టెటోడు ఆగుతడా? సచ్చిపోయిన మీ మామ ఎన్నడన్న ఆగిండా?" అంటూ, విరిగి వంకరగా అతుక్కున్న మోచేతిని తడుముకుంటుంది.

ఒకరోజు కొడుకు నాగేందర్ తాగి వచ్చాడు. కూర చల్లారిందని పళ్లెం విసిరికొట్టి, పుష్పను జుట్టు పట్టి లేపి, చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, గుడ్లురుముతూ, చప్పుడుకు వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు వైపు ఒకసారి చూశాడు. చిన్నప్పటి నుంచి వాడు చూస్తూ పెరిగిందీ ఆ సీరియళ్లే మరి. గోపమ్మ మూలనున్న మేకల కర్ర అందుకుంది. ఆమె ఆగలేదు. వాడి చేతి ఎముక విరిగిన చప్పుడు టీవీ మోతను దాటుకుని వాకిటి దాకా వినిపించింది.