ఫర్ అంటే బదులు అని కూడా

ఈ రోజు తొమ్మిదో తరగతికి ఇంగ్లీషులో 'ఫర్' గురించి చెప్పాను. మాది మంత్రాలయం దగ్గర ఒక పల్లె బడి. ఫర్ అంటే కోసం, ఒక్కోచోట 'ఇన్నాళ్లుగా', ఒక్కోచోట 'బదులు' అని బోర్డు మీద రాసి, తలా ఒక సొంత వాక్యం రాయమన్నాను.

ఈరమ్మ అనే పిల్ల 'ఐ గో టు గుంటూరు ఫర్ మై మదర్' అని రాసింది. మిరప కోతలకు ఊరు ఊరంతా వలస పోయే కాలం కదా, తల్లితో కలిసి వెళ్తోందనుకున్నాను. 'ఫర్' కొట్టేసి ఎర్రసిరాతో 'విత్' అని దిద్దాను.

పిల్ల నోటుపుస్తకం పట్టుకుని మళ్లీ వచ్చింది.

"విత్ కాదు మేడం. అమ్మ రాదు."

"మరి?"

"అమ్మకు నడుము పట్టుకోనుండాది, లేసేకి కాలేదు. ఆమె బదులు నేను పోతాండా. రేపే లారీ."

వాక్యంలో తప్పేమీ లేదు. నా దిద్దుబాటు కొట్టేసి పక్కన రైటు పెట్టాను.

పిల్లను పంపొద్దని చెబుదామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి మంచం మీద నుంచి లేవబోయి లేవలేకపోయింది. "ఏం జేసేది మేడం, పంట ఎండిపాయ. ఈ రెండు నెల్లే, మళ్లా బడికి పంపిస్తా" అంది. పక్కనే ఈరమ్మ బట్టలు మూట కడుతోంది.

పోయినేడు ఇలాగే వెళ్లిన ఇద్దరు మళ్లీ బడి ముఖం చూడలేదు.

నా పాఠం ఇంత బాగా అర్థమైన పిల్ల ఇన్నేళ్లలో మరొకరు లేరు. మీలో టీచర్లుంటే చెప్పండి, ఆ తల్లితో మీరైతే ఏమనేవారు?