నా ట్రంకుపెట్టెలో దాచిన ఎర్రదారాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, నా పేరు రత్నమ్మ, నాకు అంకెలూ నా పేరూ తప్ప చదువు రాదు, నేను చెబుతుంటే పాస్టరమ్మగారు రాస్తున్నారు, నేను చెప్పిందే రాస్తున్నారో లేదోనని ఇప్పటికే రెండుసార్లు చదివించుకున్నాను! నవ్వకండి, నన్ను పట్టి ఏలిన చీకటి అదే. జబ్బు నుంచి, తాగుడు నుంచి విడుదలయ్యామని మీరు చెబుతుంటే విన్నాను, నాది అనుమానం. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వారా అని ఇంటికెళ్ళి ఆలోచించేదాన్ని, ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే నేను కళ్ళు తెరిచి, ఎవరు మూసుకోలేదో చూసేదాన్ని.

అది నా భర్త చావుతో మొదలైంది. దివిసీమలో, నాగాయలంక దగ్గర మా ఊళ్ళో, ఆయన కాలికి మేకు దిగి చీము పడితే ఊరి డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడు. ఆయనకు అది పడదని అంతకుముందే బందరులో కాగితం రాసిచ్చారు, ఆ కాగితం మా ఇంటి చూరులో దోపి ఉంది, చదివేవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు, నా ఒళ్ళోనే ఊపిరాడక పోయాడు. ఆనాటి నుంచి రాతనూ నమ్మలేదు, రాసేవాళ్ళనూ నమ్మలేదు.

తరువాత దేవుడు నన్ను బందరులో ఒక మిషను ఆసుపత్రికి ఆయాగా తెచ్చాడు, కార్డుల గది నా చేతికిచ్చారు. గోడల నిండా అరలు, వచ్చిన ప్రతి రోగికీ ఒక అట్టకార్డు, నేను ముఖం చూసి, ఊరడిగి, నెంబరు చూసి చెయ్యి పెడితే ఆ కార్డే వచ్చేది. పెన్సిలిన్ పడదని డాక్టరమ్మగారు చెప్పిన ప్రతివాళ్ళ కార్డుకీ చిల్లు పొడిచి ఎర్రదారం కట్టేదాన్ని. అది ఎవరూ నేర్పలేదు, నా భర్త చావే నేర్పింది. దారం కనపడితే నర్సులు ఆ సూది ముట్టుకునేవారు కాదు. దేవునికే మహిమ! కానీ ఆ మహిమలో సగం నాదేనని లోపల అనుకునేదాన్ని, అదీ చెప్పాలి.

బందరులో కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. గుడివాడ నుంచి సునీత అనే అమ్మాయిని తెచ్చారు, ఆ చుట్టుపక్కలే కాలేజీలో కంప్యూటరు చదివి వచ్చింది. నా గదిలో ఒక పెట్టె, ముందు చీటీలు రాసేచోట ఇంకో పెట్టె పెట్టించి, రెంటికీ మధ్య వరండా గోడ వెంట వైరు లాగించింది. నా గదిలోకి నన్నడక్కుండా వైరు వచ్చిందా, అని నాకు కడుపు మండిపోయింది!

"అందులో ఏం చేస్తున్నావే పిల్లా?" అని అడిగాను.

"పిన్నిగారూ, ముందు గదిలో తెరమీద కనపడేది కిటికీ లాంటిదండీ, అది ప్రోగ్రాం. పేర్లన్నీ ఉండే బీరువా ఇదిగో, ఈ పెట్టెలో ఉంటుంది, దీన్ని డేటాబేస్ అంటారు. కిటికీ దగ్గర పేరు అడిగితే బీరువాలోంచి తెచ్చి చూపించాలి కదా, ఆ తెచ్చే పని నేను రాసే కోడ్‌ది. బీరువా ఎక్కడుందో, దాని తాళం ఏమిటో కోడ్‌లో ముందే రాసిపెడతాను."

"అయితే తాళం నీ దగ్గరే ఉంటుందన్నమాట."

"నా దగ్గరేంటండీ, ఆసుపత్రిదండీ!" అని నవ్వింది. ఎందుకు నవ్విందా అని వారం రోజులు ఆలోచించాను.

నా ఎర్రదారం కూడా తెరమీదికి తెస్తానంది, దారం ఉన్నవాళ్ళ పేరు అడిగితే తెర ఎర్రబడుతుందట. పేర్లన్నీ ఎక్కించాక కార్డులు కట్టలుకట్టి అటకెక్కిస్తారని ఎవరో అన్నారు. ఇక నా బుర్ర ఆగలేదు. దారం తీసుకుంటుంది, గది తీసుకుంటుంది, తరువాత నన్ను గేటు బయటికి పంపుతుంది, అనుకున్నాను. ఎర్రదారం కార్డులన్నీ ఏరి, సంచీలో కొన్ని, చెంగులో కొన్ని, నాలుగు రోజుల్లో ఇంటికి మోసి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ మనుషులు వస్తే ముఖం చూసి నేనే చెబుతాను, అప్పుడు తెలుస్తుంది రత్నమ్మ విలువ, అనుకున్నాను. సునీత తన దగ్గరున్న కార్డులు చూసి పేర్లెక్కించింది, లేనివాళ్ళ సంగతి ఆమెకేం తెలుసు?

అక్కడితో ఆగానా? గుడివాడ పిల్లకి బందరులో ఏం పనని సెలవు పెట్టి, పాసింజరు రైలెక్కి, ఆమె ఇంటి కూపీ లాగడానికి వెళ్ళాను! రైలుగేటు పక్కన ఒక గదిలో వాళ్ళమ్మ జాకెట్లు కుడుతోంది. బందరు ఆసుపత్రి అనగానే లేచి నిలబడింది.

"మీరేనా రత్నమ్మగారు! రండి, కూర్చోండి. మీ దారం లేకపోతే తన ప్రోగ్రాం గుడ్డిదని రాసిందండీ మా అమ్మాయి. రోజూ మీ పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నాను" అంది.

ముందే నేర్పి ఉంచింది కాబోలు, అనుకున్నాను! ఆవిడ పెట్టిన అన్నం తింటూ కూడా అనుకున్నాను. అంత రాయి నా గుండె!

సరిగ్గా ఆ రోజే పాలకాయతిప్ప వైపు నుంచి నాగమణి అనే చేపలమ్మే మనిషి, కాల్లో గవ్వ దిగి చీము పట్టి, మా ఆసుపత్రికి వచ్చింది. దారం ఉన్న మనిషి. మందు పేరు ఆమెకు తెలియదు, "నాకేదో సూది పడదమ్మా, రత్నమ్మక్క దారం కట్టింది చూడండి" అందట. నర్సు తెర చూసింది, ఎరుపు లేదు. ఇంకేదో సూది సంగతి అయి ఉంటుందని, ముందు కొంచెం మందు చేతికి వేసి చూశారు. ఆ కొంచానికే ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు మూసుకుపోయింది. డాక్టరమ్మగారు పరుగెత్తుకొచ్చి, ఒక గంట పోరాడి, బతికించారు. నేను సాయంత్రం రైలు దిగి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని పడి ఉంది, పెదాలు వాచి ఉన్నాయి. నాకు నా భర్త ముఖం కనపడింది.

డాక్టరమ్మగారు అడిగారు, "రత్నమ్మా, ఈమె కార్డేదీ?"

నా నోరు తెరుచుకుని ఏమందో తెలుసా సహోదరులారా? "కంప్యూటరు పిల్ల దగ్గరికే వెళ్ళాయిగా కార్డులు, నాకేం తెలుసండీ" అంది.

సునీత మూడు రోజులు ఆ పెట్టె ముందు కూర్చుని తను రాసిన ప్రతి వాక్యమూ చూసుకుంది, బీరువా చోటు తప్పుగా రాసిందా, వైరు తెగిందా, తాళం తప్పిందా అని. నా ట్రంకుపెట్టెలో ఉన్నదాన్ని తన కోడ్‌లో వెతుక్కుంది! సోమవారం ఆమెను పంపించేస్తారని తేల్చారు. నేను కోరుకున్నది అదే కదా, సంతోషం రావాలి కదా, రాలేదు.

సోమవారం పొద్దున పని మొదలవకముందు ఆసుపత్రి ప్రార్థనలో ఆ అమ్మాయి మోకరించి, "ప్రభువా, నేను రాసినదాంట్లో తప్పెక్కడుందో నాకు చూపించు. నా మూలంగా ఇంకో ప్రాణం పోకముందే చూపించు. నన్ను పంపినా ఫర్వాలేదు, రత్నమ్మ పిన్నిగారి దారం మాత్రం తెగనివ్వకు" అని ఏడ్చింది. నేను కళ్ళు తెరిచే ఉన్నాను, ఎప్పటిలాగే. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి, ఒక్క నావి తప్ప. నా చెంగుకి ముడేసిన ట్రంకు తాళంచెవి నా తొడకి నిప్పులా తగిలింది. తాళం నీ దగ్గరే ఉంటుందన్నమాట అని ఆ పిల్లను అన్నది నేనే కదా! నా దేవుడు ఇంకేమీ మాట్లాడలేదు, అదే చాలింది.

చాప మీంచి లేచి ఇంటికెళ్ళి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, కోనేరు సెంటరు మీదుగా నడిచి, డాక్టరమ్మగారి ముందు దింపి తెరిచాను. నలభై పైచిలుకు ఎర్రదారాలు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు చేసింది చిన్న పని కాదు రత్నమ్మా" అన్నారు డాక్టరమ్మగారు, ఒక నెల కార్డుల గదిలోకి రానివ్వకుండా వార్డులు కడిగించారు, కడిగాను, న్యాయమే. నాగమణి మంచం దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుని చెప్పాను. ఆమె నన్ను చూసి, "చేప దాచినట్టు దాచావా అక్కా నా దారాన్ని? వాసన రాకుండా ఉంటుందనుకున్నావా?" అంది. నవ్వింది. ఎందుకు నవ్విందా అని ఆలోచించలేదు, మొదటిసారి!

ఇక సునీత. "మీ తప్పు మీది పిన్నిగారూ, నా తప్పు నాకూ ఉంది" అని తెర చూపించింది. పేరు దొరక్కపోతే ఏమీ అనకుండా ముందుకు వెళ్ళిపొమ్మని రాసిందట, అందువల్ల తెలియని మనిషికీ, దారం లేని మనిషికీ తెర ఒకేలా తెల్లగా వచ్చిందట. ఆ వాక్యం తీసేసింది. ఆ నలభై పైచిలుకు మంది పేర్లూ నా పక్కన కూర్చుని ఎక్కించింది, నేను చదవలేను కాబట్టి మనుషులను చెప్పాను, వాళ్ళూరు, వాళ్ళ కుంటి నడక, వాళ్ళ పిల్లల పేర్లు.

నెల తరువాత నన్ను పిలిచి ముందు గది తెరమీద లేని పేరొకటి అడిగి చూపించింది. తెర పసుపుపచ్చగా మారి అక్షరాలొచ్చాయి. అన్నీ నాకు చదవడం రాదు, ఒక్క మాట వచ్చు. అది నా పేరు. "పేరు దొరకలేదు, సూది ఆపండి, రత్నమ్మ గారిని అడగండి" అని రాసి ఉందట. నన్ను గేటు బయటికి పంపుతుందని నేననుకున్న పిల్ల నా పేరు ఆ తెరమీద రాసింది! నా దేవునికి స్తోత్రం!

అనుమానం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, ఇది కూడా ఇంకోసారి చదివించుకుంటాను. కానీ ప్రార్థనలో కళ్ళు మూసుకుంటున్నాను. మీలో కళ్ళు తెరిచి ఇటూ అటూ చూస్తున్నవాళ్ళున్నారు, నాకు తెలుసు, ఆ చూపు నాది. అక్కా, అన్నా, నీ చెంగుకున్న ముడి విప్పు, ఆ పెట్టె తెచ్చి ఆయన ముందు దింపు, బరువు తలమీద ఉన్నంతసేపే. ఎవరి ప్రాణమో నీ తాళం లోపల ఉంది. మనిషిని వెంటనే నమ్మలేకపోతే ఫర్వాలేదు, ముందు ఆయన్ని నమ్ము, నన్ను ఓర్చుకున్నవాడు నిన్ను ఓర్చుకోడా? ఆమేన్.