దొర్లించి చూడని చపాతీ కర్ర

"నీ కాలు పోయిందని మిషను కాళ్ళు గూడా నరకమంటావా అన్నా?"

మా తమ్ముడు ఈ మాట అన్నది పుంగనూరులో మా షాపు ముందర, గిరాకీలు నిలబడి వింటుండగా. నేను ఆసుపత్రి నుంచి వచ్చి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. పాదంలో చిన్న పుండే కదా అనుకుంటే అది షుగరు పుండయింది, ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నేను వాడిని అడిగింది ఒక్కటే. కొయ్యను తిప్పే లేత్ మిషనుకు ఇనుప స్టాండు ఉంది, దాని కాళ్ళు కొంచెం కోసి మిషనును కిందికి దించితే కూర్చుని పని చేసుకుంటాను అన్నాను.

మా ఇంట్లో నిలబడి పని చేయడం మామూలు సంగతి కాదు. మా తాత నేల మీద కూర్చుని తరిమెన పట్టేవాడు. ఒక చేత్తో విల్లు లాగి కొయ్యను తిప్పుతూ, ఇంకో చేత్తో ఉలి పట్టి, ఆ ఉలి జారకుండా కాలివేళ్ళతో అదిమి పెట్టేవాడు. మా నాయన కరెంటు లేత్ తెచ్చి, తన నడుము ఎత్తుకు స్టాండు చేయించి, నిలబడి పని చేశాడు. "మా నాయన కూచోని సేసినాడు, నేను నిలబడి సేస్తాండాను" అని షాపుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆయన పోయాక ముప్పై ఏళ్ళు ఆ మిషను ముందర నేను నిలబడ్డాను. తమ్ముడు ఊయలలు, మంచాలు బిగించడం, బయట బేరాలు చూసుకునేవాడు. నేను ఆసుపత్రిలో పడుకున్నప్పుడు మిషను వాడి చేతికి పోయింది. నిలబడేవాడికి మిషను ఎత్తుగానే ఉండాలి, అది నిజమే. కానీ నిజం చెప్పడానికి గిరాకీల్ని సాక్ష్యం పెట్టుకోవాల్సిన పని లేదు.

ఆ తర్వాత ఊరంతా నాకు కుర్చీలు వేసింది. తమ్ముడు షాపు ముందర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, "వచ్చేటోళ్ళను పలకరిస్తా కూచో అన్నా" అన్నాడు. పక్క షాపతను బీడీల బంకు పెట్టుకోమన్నాడు. సదుం నుంచి చూడడానికి వచ్చిన బంధువు ఒకాయన పింఛను వస్తుంది కదా, ఇంట్లో కూర్చోమన్నాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మాకు చిన్నప్పుడు చెప్పింది కూడా ఈయనే. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు, ఒక్క లేత్ దగ్గర తప్ప. నాకు ఏడుపు రాలేదు. అందరి మీదా ఒళ్ళు మండింది.

మా ఆవిడ నన్ను కొన్నాళ్ళు మదనపల్లెకు, వాళ్ళ పుట్టింటికి తీసుకుపోయింది. వాళ్ళు పట్టుచీరలు నేసేవాళ్ళు. ఇంటి ముందు గది మొత్తం మగ్గమే. పొద్దున లేచి చంక కర్రలు పక్కన పెట్టుకుని గడప దగ్గర కూర్చుంటే, మా మామ నేయడం నాకు ఎదురుగా కనిపిస్తుంది. ఆయన నేల మీద కూర్చుంటాడు, కాళ్ళు మగ్గం కింద గుంతలో ఉంటాయి. పెళ్ళినాటి నుంచీ చూస్తున్న మనిషే. కానీ ఆ పొద్దున కొత్తగా చూశాను.

"ఏమప్పా, అట్ల సూస్తాండావు?" అన్నాడు.

"నువ్వు ఎప్పుడన్నా నిలబడి నేసినావా మామా?"

"నిలబడి నేసేదేంది? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు.

మేం తిరిగి వచ్చేటప్పుడు మా బావమరిది గడ్డపార పట్టుకుని మాతోపాటు వచ్చాడు. షాపు వెనక కొయ్య పేర్చుకునే గది ఉంది. అందులో మా నాయన మొట్టమొదట కొని, కొత్తది వచ్చాక పక్కన పెట్టిన పాత లేత్ తుప్పు పట్టిన స్టాండు మీద మూల పడి ఉంది. దానికి ఎవరూ అడ్డం చెప్పలేరు. వాడు తవ్వుతుంటే మా ఆవిడ గంపతో మట్టి ఎత్తి పోసింది. తమ్ముడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బతికుండంగానే గుంత తవ్వుకుంటాండావా అన్నా? సూసేటోళ్ళు ఏమనుకుంటారు?"

జవాబు మా ఆవిడ చెప్పింది. "మా నాయన పుట్టినకాడి నుంచి గుంతలోనే కూచోనుండాడు. ఆ గుంతలో కూచోనే మా అందరి పెండ్లిండ్లు సేసినాడు. ఆయన సచ్చినాడని ఎవురూ అనుకోలా." అని మట్టిగంప వాడి కాళ్ళ పక్క నుంచే తీసుకుపోయి పారబోసింది.

తుప్పు స్టాండు తీసేసి, లేత్‌ను రెండు బండరాళ్ళ మీద కూర్చోబెట్టాం. నేల మీద కూర్చుంటే తిరిగే కొయ్య నా మోచేతి ఎత్తుకు రావాలి, అది చూసుకుని రాళ్ళు వేశాం. గుంతను మగ్గం గుంతలా చిన్నగా కాకుండా మిషను పొడవునా తవ్వించాను. నిలబడేవాడు మంచం కోడు తీసేటప్పుడు ఈ కొన నుంచి ఆ కొనకు అడుగు వేసుకుంటూ పోతాడు, నాకు ఆ అడుగు లేదు. అందుకని గుంత అంచు మీద నున్నటి పలక ఒకటి పరిచి, దానికి మైనం రాశాం. దాని మీద కూర్చుని చేతులతో తోసుకుంటే ఈ కొన నుంచి ఆ కొనకు జరగవచ్చు. స్విచ్చు చేతికి అందే చోట పెట్టించాను.

అయినా మొదటి రోజుల్లో ఏదీ సరిగ్గా రాలేదు. నిలబడి చేసేటప్పుడు ఉలిని నడిపేది చెయ్యి కాదు, నడుము. ఆ సంగతి నాకు కూర్చున్నాక గానీ తెలియలేదు. కూర్చున్న నడుము కదలదు, భుజం తొందరపడుతుంది, ఉలి కొయ్యలో దిగబడి కొయ్య ఎగిరి పడుతుంది. కొయ్య పొట్టు అంతా మొహం మీదికే వచ్చేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రాళ్ళు సరిలేవన్నాను, పలక సరిలేదన్నాను. మా ఆవిడ ఓపిగ్గా పలక మార్చింది, రాయి కింద అట్ట పెట్టింది. చివరికి దారి చూపించింది మిగిలిన కాలే. కుడి పాదాన్ని గుంత ఎదురు గోడకు తన్నిపెట్టి పట్టు దొరకబుచ్చుకున్నాక, నడుములో ఉన్న పని తొడలోకి వచ్చింది. ఒక రోజు పొట్టు తెగకుండా రిబ్బనులా సాగి నా ఒళ్ళో పడింది. ఆ రోజు చేసిన మజ్జిగ కవ్వాన్ని చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఇంతటితో నా కష్టం తీరిందనుకున్నాను.

తమ్ముడు ఇప్పుడు గిరాకీల్ని వెనక గదిలోకి తీసుకురావడం మొదలుపెట్టాడు. "మా అన్న. కాలు లేదు. గుంతలో కూచోని సేస్తాండాడు సూడండి" అంటాడు. వాళ్ళు తలుపులో నిలబడి పైనుంచి చూస్తారు. కొందరు ఫోను తీస్తారు. నా చేతిలోని కర్రను ఎవరూ చూడరు, నా లుంగీ ఎక్కడ ఖాళీగా ఉందో చూస్తారు. చూసి, చెప్పిన ధరకు ఏదో ఒకటి కొనుక్కుని పోతారు. పుంగనూరులో కొత్తిమీర కట్టకు కూడా బేరమాడని మనిషి లేడు. కవ్వం తీసుకుంటే కంటికి ఆనించి వంకర చూడాలి, రెండు చేతుల మధ్య తిప్పాలి, ఇంత చెప్తారా అని రెండడుగులు వెళ్ళి మళ్ళీ రావాలి. నా దగ్గర అదంతా ఆగిపోయింది. తమ్ముడికి సంతోషం. నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టుండేది.

అందరికన్నా కుప్పం షాపతను నాకు బాగా తెలుసు. ఏళ్ళ తరబడి మా దగ్గర చపాతీ కర్రలు కొంటున్నవాడు. ఒక్కొక్క కర్రనూ మా వాకిట్లో బండ మీద దొర్లించి, తిన్నగా పోకపోతే పక్కన పడేసేవాడు. ఆయన పడేసిన కర్రల కోసం ఎన్నిసార్లు కీచులాడుకున్నామో. నేను కూర్చుని పని మొదలుపెట్టాక ఆయన వచ్చాడు. గుంత చూశాడు, చంక కర్రలు చూశాడు, "అన్నీ గోనెలో ఎయ్యప్పా" అన్నాడు. ఒక్కటీ దొర్లించలేదు.

తర్వాతిసారి కావాలనే ఒక కర్రను చెడగొట్టాను. ఒక కొన లావుగా, ఒక కొన సన్నంగా తీశాను. అలాంటిది దొర్లిస్తే తిన్నగా పోదు, పక్కకు తిరిగి గుండ్రంగా వస్తుంది. చేత్తో పట్టుకుంటే చాలు, కళ్ళు లేనివాడికైనా తెలుస్తుంది. అది ఆయన చేతికే ఇచ్చాను. "బాగుండాదప్పా" అని గోనెలో వేసుకున్నాడు. మా ఆవిడ గోనె మూతి కట్టింది, తన నేత ముడితో. అది తెలిసినవాళ్ళు కట్టాలి, తెలిసినవాళ్ళు విప్పాలి. మిగతావాళ్ళు కత్తితో కోయాల్సిందే.

చెడ్డ కర్ర నా పేరున ఎవరి ఇంట్లోనో ఉందన్న ఆలోచన నన్ను కుదురుగా ఉండనీయలేదు. పలమనేరు మీదుగా బస్సులో కుప్పం వెళ్ళాను. షాపతను గబగబా స్టూలు వేసి నన్ను గల్లా వెనక కూర్చోబెట్టాడు, చంక కర్రలు తలుపు చాటున పెట్టాడు. అల్మారా నిండా ఫ్యాక్టరీ కర్రలు, ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని ఉన్నాయి. నా సరుకు ఎక్కడ అని అడగక్కర్లేకపోయింది. నా పక్కనే మెట్ల కింద రెండు గోనెలు. రెండింటికీ మా ఆవిడ ముడి అలాగే ఉంది.

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ ఫ్యాక్టరీ సరుకు తెప్పించుకున్నా," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా. "మళ్ళీ నిన్ను వద్దనేదానికి మనసు రాలేదప్పా."

అంటే నా మంచి కర్రల్నీ ఎవరూ చూడలేదు, చెడ్డదాన్నీ చూడలేదు. పైనున్న గోనెను స్టూలు దగ్గరికి ఈడ్చుకుని ముడి విప్పాను. అప్పుడే ఒకావిడ చపాతీ కర్ర కావాలని వచ్చింది. గోనెలోంచి నేను చెడగొట్టినదే వెతికి తీసి ఆమె చేతికి ఇచ్చాను. ఆమె గల్లా అద్దం మీద పెట్టి దొర్లించింది. అది పక్కకు తిరిగి తక్కెడకు తగిలింది.

"ఇదేందప్పా, పక్కకు పోతాండాది? దీంతో రుద్దితే చపాతీ యాడన్నా గుండ్రంగా వస్తాదా? ఎవురు సేసింది ఇది?"

"నేనేమ్మా."

"సేసేటప్పుడు కండ్లు యాడ పెట్టుకున్నావు?"

నా ప్రాణం లేచి వచ్చింది. ఎన్నాళ్ళకు ఒక మనిషి నా పనిని తిట్టింది. మంచిది ఇస్తానుండమ్మా అని, తలుపు చాటు నుంచి చంక కర్ర లాక్కుని రెండో గోనె వైపు లేచాను.

ఆమె చూసింది. గొంతు మారిపోయింది. "పోనీలేప్పా. ఇదే ఇయ్యి. ఎట్లో ఒకట్ల సేసుకుంటాములే."

"అది అమ్మేది కాదు. ఇంకోటి సూడు. బేరమాడి తీసుకో."

"బేరమెందుకులే పాపం. ఇదే ఇచ్చెయ్యి."

"ఇయ్యను."

ఆమె మొహం ఎర్రబడింది. "మంచికి పోతే ఇదేంది? కాలు లేకపోయినా పొగరుకు మాత్రం తక్కువ లేదు" అని, అల్మారాలోంచి ఫ్యాక్టరీ కర్ర ఒకటి లాక్కుని, దాని ధర మీద షాపతనితో పోట్లాడి మరీ వెళ్ళిపోయింది.

గోనెలు రెండూ బస్సులో వేయించుకుని వెనక్కి వచ్చాను. గుమ్మంలో వాటిని చూసి మా ఆవిడకు సంగతి అర్థమయింది. అక్కడ ఏమన్నారని అడిగింది.

"పొగరన్నారు."

"అది ముందు నుంచీ ఉండేదే కదా," అని గోనెను లోపలికి ఈడ్చుకుపోయింది.