ఉత్తరపు కిటికీ

ఉత్తర ధ్రువానికి దగ్గరున్న మూర్మన్‌స్క్‌లో ట్రాలీబస్సు నడిపే సెరాఫిమాకి నిద్ర విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఆ బండిలో పద్నాలుగేళ్లు టికెట్లు కొట్టినదాన్ని, నాకు తెలుసు. మే చివర్లో సూర్యుడు అస్తమించడం మానేయగానే అందరిలాగే వెలుతురు రాకుండా పడకగది కిటికీ నిండా అల్యూమినియం ఫాయిలు అతికించేది. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ కనుక రాత్రి ఎనిమిదింటికే పడుకునేది. అక్క కపితొలీనా పుదీనా కషాయం తాగించి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరకు వేసేది. తల్లి పోయాక పెంచింది ఆవిడే.

ఈ జూన్‌లో ఆ నిద్ర పాడైంది. ఎంత పడుకున్నా ఒళ్లు తేలికపడదు. బండెక్కే ముందు నాడి, బీపీ చూసే నర్సు రెండుసార్లు మందలించి, మూడోసారి బండెక్కనివ్వలేదు. సెరాఫిమా డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"గది చీకటిగా ఉంటుందా?" అన్నాడాయన.

"సమాధిలా ఉంటుంది. ఒట్టు."

"చీకట్లోనే మెదడు మెలటోనిన్ వదుల్తుందమ్మా, నిద్ర వేళని ఒంటికి చెప్పేది అదే. వెలుతురు మూసిన రెప్పల్లోంచి కూడా దూరి దాన్ని ఆపేస్తుంది. వారం చూస్తా. మారకపోతే స్టీరింగు మాట మరిచిపో."

ఇంటికొచ్చి పొల్లుపోకుండా అక్కకి చెప్పింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పట్టుకుని ఏడ్చారు.

ఆ రాత్రి బెంగతో సెరాఫిమాకి కునుకు పట్టలేదు. కళ్లు మూసుకుని పడుకుంది. పదకొండింటికి తలుపు మెల్లగా తెరుచుకుంది. కపితొలీనా పిల్లిలా వచ్చి ఫాయిలు ఊడదీసింది. గదంతా ఎండ. కిటికీ గట్టు మీద ఒక్కొక్కటే కుండీలు పేర్చసాగింది.

"అక్కా! ఏంటిది?"

"అమ్మో! నిద్రపోయావనుకున్నానే! టమాటా మొక్కలు. వంటింటి కిటికీకి ఎదురింటి గోడ అడ్డమాయె. ఈ ఉత్తరపు కిటికీలోకి ఎండొచ్చేదే రాత్రిపూట. కళ్లు మూసుకున్నదానికి వెలుగైతేనేం, చీకటైతేనేం అనుకున్నా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు. నువ్వు లేచేలోపు మళ్లీ అతికించేస్తున్నాగా!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక పాపం డాక్టరేం పడతాడు? నేనైతే ఆ కుండీలు వీధిలోకి విసిరేసేదాన్ని. సెరాఫిమా మాత్రం గొంతు పెంచలేదు.

"నిన్నటిదాకా తెలీక చేశావు, సరే. ఇవాళ అన్నీ చెప్పాను. నన్ను పట్టుకుని ఏడ్చావు. అయినా తీశావా?"

కపితొలీనా చెల్లెలి వంక చూడలేదు.

"ఇప్పుడిప్పుడే మొగ్గలేస్తున్నాయే," అంది.