మూల కత్తిరించిన ఉత్తరం

మొన్న ఆదివారం మా మనవరాలు క్లాంగ్ పట్నం నుంచి వచ్చి, పాత సర్కారు కాగితాలు దాచిపెట్టే చోట జైలు ఉత్తరాల కట్ట ఒకటి చూశానని, అందులో మా అయ్య పేరు కనిపించిందని చెబుతూ, ఒక నకలు పట్టుకుని లోపలికి రాబోయింది. అదేమిటో కనపడగానే నేనే లేచి వెళ్ళి, ఆ పిల్లను వసారాలోనే కూర్చోబెట్టాను. పెద్ద కాగితం మీద అంటించిన చిన్న ముక్క అది, ఉత్తరానికి ఒక మూల. దాని మీద అరవంలో నాలుగు ముక్కలున్నాయి. మిగతా ఉత్తరం మాత్రం కట్టలో లేదు, ఎందుకంటే అది మా ఇంటికి వచ్చింది.

అప్పట్లో మేము మలయా దేశంలో సుంగై సుమున్ దగ్గర కొబ్బరి తోటలో ఉండేవాళ్ళం. నేను అప్పుడప్పుడే అమ్మ వెంట కురిడీలు ఆరబెట్టే కొట్టంలోకి పనికి వెళుతున్నాను. కల్లు కొట్టు మూయమని, ఒళ్ళు బాగాలేని రోజున కూలి కోయవద్దని అడిగి, కూలీల ఇళ్ళ లైన్ల వాళ్ళందరి చేతా పని మాన్పించినందుకు మా అయ్యను జైల్లో పెట్టారు. అక్కడికి వెళ్ళినా ఆయన నోరు ఊరుకోలేదు. మేము దొంగలం కాము, మమ్మల్ని దొంగల్లో కలపకండి, రాళ్ళు లేని అన్నం పెట్టండి, జబ్బు మనిషికి మంచం ఇవ్వండి అని ఆయనా, ఆయనలాగే వచ్చిన మరి కొందరూ అక్కడ పేచీ పెట్టుకున్నారట. నాయనమ్మ మాత్రం కొడుకు ఎక్కడున్నా అత్తవారింటి అల్లుడిలా మర్యాదలు అడుగుతాడని విసుక్కునేది.

జైలు ఉత్తరాలు పంపే ముందు గుమాస్తా చదవాలి. ఆయనకు తెలుగు రాదు గనక మా అయ్య చెబుతూ ఉంటే పక్కనున్న అరవాయన ఎవరో రాసేవాడు. మా లైన్లలో అరవం మాట్లాడని వాళ్ళు లేరు గాని, చదవగలిగిన వాళ్ళు మాత్రం లేరు. అందుకని ఏ ఉత్తరం వచ్చినా జెట్టీ దగ్గర టీకొట్టు ఆయన చేత చదివించుకునేవాళ్ళం.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మనవాళ్ళలో శుభవార్త అయితే ఉత్తరం మూలలకు పసుపు రాసేవారు, చావు కబురైతే ఒక మూల తీసేసేవారు. అలాంటిది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. బయటే చదివించి, చింపి పారేసి, కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుని గాని ఇంట్లో అడుగు పెట్టకూడదు. ఆ రోజు తపాలా తెచ్చినవాడు ఇచ్చిన ఉత్తరానికి మూల లేదు, ఎవరో కత్తెరతో శుభ్రంగా కోసేశారు. నాయనమ్మ దాన్ని చూసి, చదివించే మాటైనా ఎత్తకుండా తిన్నగా నూతి దగ్గరకు వెళ్ళి, చీరతోనే నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో వచ్చి మా అమ్మ ఎదుట నిలబడింది. కొడుకు పోయాడని ఆమెకు అనుమానమైనా లేదు. లైన్ల ఆడవాళ్ళంతా పోగయ్యారు. ఇక తీయవలసినవి అమ్మ గాజులే.

అమ్మ మెతక మనిషి, అత్తగారికి ఎదురు చెప్పడం నేను ఏనాడూ చూడలేదు. ఆ రోజు చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, గోడకు ఆనుకుని, "మడత సూడత్తా, ఇది ఆయన మడతే. సదివినదాకా నా గాజులు ఎవులూ ముట్టుకోనొద్దు" అంది. నిజమే, మా అయ్యకు ఏ కాగితాన్నైనా తాంబూలపు చిలకలా మడిచే అలవాటుంది. "పోకముందు మడిసినాడేమో ఓలమ్మీ" అంది నాయనమ్మ. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

అమ్మ ఆ ఉత్తరం పట్టుకుని వానలో గట్టు మీద నడుచుకుంటూ జెట్టీకి వెళ్ళింది, వెనక నేను. టీకొట్టు ఆయన చేతులు తుడుచుకుని చదివాడు. ఒంట్లో బాగానే ఉందట, పిల్లను జ్వరాలప్పుడు పనికి పంపవద్దన్నాడట, వాళ్ళమ్మకు దండాలట. అమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాక అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. ఆ కోసిన మూలలో ఏముందో మేమెవ్వరమూ అడగలేదు, అడగాలని తోచనైనా లేదు. నాయనమ్మ మాత్రం బతికున్న కొడుక్కి మైల స్నానం చేశానే అని చాలా రోజులు కుమిలిపోయింది. దిష్టి తీయించి, కోడి కోయించి, అప్పటికీ కుదుటపడలేదు.

ఆ మరుసటి ఏడాది మా అయ్యను వదిలారు. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగుతూనే, ఆ క్వాలా సెలంగోర్ తోట ఆవిడకు కబురు చెప్పినారా అని అడిగాడు. ఏ ఆవిడకని అమ్మ ఎదురడిగింది. అప్పుడు తెలిసింది. అదే నేరం మీద అదే గదిలో ఉన్న మన తెలుగు మనిషి ఒకాయన రక్తవిరేచనాలతో పోయాడు. ఆయనకు మంచం కోసమే వీళ్ళంతా గొడవ పడ్డారు. ఆ ఇల్లాలికి తెలియజేయమని మా అయ్య ఉత్తరం చివర రాయించిన మాటలే, జైల్లో చావు బయటికి పొక్కకూడదని గుమాస్తా కోసేశాడు.

తెల్లవారి అమ్మా అయ్యా ఆ తోటకు బయలుదేరి నన్నూ తీసుకెళ్ళారు. ఆవిడ నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, వాకిట్లో చేపలు శుభ్రం చేస్తోంది. విన్నాక చాలాసేపు కత్తి కింద పెట్టలేదు. "మూల తీసిన ఉత్తరమేదీ నాకు రానేదు గదా అన్నా, ఆయన బతికే ఉన్నారనుకున్నాను" అంది. మా అమ్మ తల ఎత్తలేకపోయింది. ఆ ఉత్తరం వచ్చింది, మా ఇంటికి వచ్చింది.

సంగతంతా విన్న నాయనమ్మ, "అయితే ఆ పొద్దు నాను పోసుకున్న నీళ్ళు ఆడికే సెందినాయి. ఎవులో ఒకలు పోసుకున్నారు, పోన్లే" అంది. ఆ తరవాత ఆమె ఆ స్నానం గురించి బాధపడలేదు.

అమ్మ పెట్టెలో దాచుకున్న ఆ ఉత్తరం జపాను వాళ్ళ కాలంలో పెట్టెతో సహా పోయింది. దాని మూల మాత్రం జైలు వాళ్ళ దగ్గర భద్రంగా మిగిలింది. ఇప్పుడు చావు కబుర్లు ఫోనులో వంటింట్లోకే వచ్చేస్తాయి. విని, అయ్యో అనుకుని, పొయ్యి మీది కూర కలుపుతూనే ఉంటాం. తప్పేమీ కాదు, కాలం అలా ఉంది. కానీ గుమ్మం దగ్గర కబురు కాసేపు ఆగడం అన్నది ఒకటుండేది, అది పోయింది. బళ్ళో అరవం చదువుకున్న మనవరాలు ఆ ముక్క నాకు చదివి వినిపించింది. ఆ చనిపోయినాయన పేరు, తోట పేరు, పోయాడని చెప్పమని, అంతే. నేను లేచి నీళ్ళ గదిలోకి వెళ్ళి, చీర విప్పకుండానే తలమీద నీళ్ళు పోసుకున్నాను. తలుపు అవతల నుంచి ఆ పిల్ల, ఈ దేశపు అలవాటుగా మాట చివర 'లా' చేర్చి, "పొద్దున్నే సేసినావు కదా అమ్మమ్మా, మళ్ళా ఏటి స్నానం లా" అంటోంది.