కెమెరాకు రెప్ప

కొత్త వెబ్‌క్యామ్ డబ్బా విప్పగానే ఒక వాసన వస్తుంది. ప్లాస్టిక్కు, థర్మోకోలు, కొత్త వైరు కలిసిన వాసన. నరసరావుపేటలో నా కంప్యూటర్ షాపులో అది రోజూ ఉండేదే, దాన్ని నేను పట్టించుకోను. నా ప్రాణం తీసేది ఆ తర్వాత వచ్చేది. వైరు గుచ్చగానే లెన్సు పక్కన పచ్చగా ఒక చిన్న లైటు వెలుగుతుంది. అంతే, నోరు పిడచకట్టుకుపోతుంది. వేలితో లెన్సు మీది మూత జరుపుతాను. టిక్కుమంటుంది. అప్పుడు గానీ నాకు ఊపిరాడదు. పదో తరగతి చదివే మా అమ్మాయికి ఇదంతా నవ్వులాట. "ఏందమ్మా, పామును చూసినట్టు చూస్తావు!" అంటుంది. పామైతే నయమే తల్లీ, కాటేస్తే తెలుస్తుంది.

ఆ మూత వెయ్యడం నాకు నేర్పింది ఖైరున్నీసా మేడమ్. మాచర్ల బస్టాండు వెనక వీధిలో ఆవిడకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. భర్త నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్‌ను ఆయన పోయాక ఆవిడే కంప్యూటర్లు పెట్టి నిలబెట్టారు. పొద్దున్నే వచ్చి, బుర్ఖా తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించి, చీర చెంగు నడుముకు దోపుకుని, మెషీన్లన్నీ ఒక్కొక్కటే ఆన్ చేసేవారు. కౌంటర్లో కూర్చునేదాన్ని నేను. పెళ్ళయి రెండేళ్ళు, ఇంట్లో చంటిపిల్ల. దుబాయ్‌లోనో కువైట్‌లోనో పనిచేసే మొగుళ్ళ మొహం చూసుకోవడానికి కారంపూడి నుంచి, నడికుడి నుంచి ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఇంటర్నెట్ సెంటర్ అంటే మగపిల్లల అడ్డా అనుకునే రోజులవి. ఆడవాళ్ళు కొంగు సవరించుకుని ధైర్యంగా లోపలికొచ్చింది మేడమ్ మొహం చూసే.

కెమెరాలు కొనేటప్పుడు చూడాలి ఆవిడ సంగతి! గుంటూరు నుంచి సరుకు తెచ్చే అతనికి చెమటలు పట్టేవి. మా దగ్గర కొన్నింటిలో పాత విండోస్, కొన్నింటిలో లైనక్స్. ప్రతి కెమెరానూ అన్నిటికీ గుచ్చి చూసేవారు. "దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఉంటది, డ్రైవర్, అది సీడీ వేసి ఎక్కించుకోవాల మేడమ్" అని అతను అన్నాడంటే, డబ్బా మూసి చేతిలో పెట్టేసేవారు. "నాకొద్దు నాయనా. ఎక్కడ గుచ్చితే అక్కడ పనిచేసేదే తీసుకురా."

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "సీడీ వేస్తే ఏం పోద్ది మేడమ్? రేటు కూడా తక్కువ గదా."

"ఆ డ్రైవర్ ఎవరు రాశారో నీకు తెలుసా? నాకు తెలుసా? ఊరూ పేరూ తెలియనోణ్ణి పిలిచి నట్టింట్లో పడుకోబెట్టుకుంటామంటే?" అన్నారు. తర్వాత చేతిలోని కెమెరాను తిప్పి చూస్తూ, "కన్ను పెట్టినోడు రెప్ప పెట్టడం మరిచాడు చూడవే. ఏదీ, నీ బొట్టుబిళ్ళ ఒకటియ్యి" అన్నారు.

అలా మొదలైంది మా సెంటర్లో ఆ ఆచారం. కాల్ అయిపోగానే కెమెరాకు బొట్టు పెట్టాలి. పెద్ద సైజు ఎర్రబిళ్ళ, లెన్సునూ పక్కనున్న లైటునూ కలిపి కప్పేసేది. ముత్తైదువలంతా వరసగా కూర్చున్నట్టుండేవి కంప్యూటర్లు. బొట్టు పెట్టుకోని మేడమ్ కోసం వారం వారం బొట్టుబిళ్ళల ప్యాకెట్టు కొనేదాన్ని నేను. ఫ్యాన్సీ షాపతను ఎంత నవ్వుకునేవాడో!

ఇంత జాగ్రత్త మనిషి కూడా ఒక్కసారి తప్పటడుగు వేశారు. కొన్ని మెషీన్లలో కొత్త విండోస్ వేయించాం. దాంతో పరదాలు కట్టిన చిన్న గదుల్లో చివరిదాంట్లో ఉన్న పాత కెమెరా మూగబోయింది. ఆ రోజు కారంపూడి నుంచి వచ్చిన ఒకామె పొద్దుటినుంచీ కాచుక్కూర్చుంది. మొగుడికి అక్కడ ఆపరేషన్ అట, చూడకుండా పోనని ఏడుపు. మిగతా గదులు ఖాళీ లేవు. మేడమ్ అటూ ఇటూ తిరిగారు. చివరికి నెట్‌లో ఏదో సైటు వెతికి, ఆ కెమెరా డ్రైవర్ దించి ఎక్కించారు. కెమెరా పనిచేసింది, ఆమె మొగుణ్ణి చూసుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది. మేం కూడా సంతోషపడ్డాం. దొంగ చేతికి తాళాలిచ్చామని మాకేం తెలుసు?

కొన్నాళ్ళ తర్వాత, మంచి ఎండాకాలం. మాచర్ల ఎండ గురించి చెప్పేదేముంది, నాపరాళ్ళు కాలిపోతుంటాయి. మధ్యాహ్నం మా అత్త పాపను తెచ్చి నా చేతికిచ్చి వెళ్ళేది. "చివరి గదిలో ఫ్యానుంది, అక్కడ కూర్చోని పాలియ్యి పో" అన్నారు మేడమ్. పరదా వేసుకుని, రవిక హుక్కులు తీసి, పాపను ఒడిలో వేసుకున్నాను. పాప కళ్ళు మూతలు పడుతున్నాయి. ఊరికే తలెత్తాను. కెమెరా మీది బొట్టుబిళ్ళ ఉక్కకు జిగురూడి కీబోర్డు మీద పడి ఉంది. లెన్సు పక్కన పచ్చలైటు వెలుగుతోంది. నేను మెషీన్ ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోలేదు. అది నన్నే చూస్తోంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పాపను గుండెకు అదుముకుని గోడవైపు తిరిగిపోయాను. అది గుక్కపట్టి ఏడ్చేసరికి మేడమ్ పరదా తీసి వచ్చారు. నా చూపు ఎటుందో చూశారు. ఒక్క ఉదుటున వైరు పట్టి లాగితే కెమెరా కిందపడి పగిలింది. లైటు ఆరింది. నా కొంగు తీసి నా భుజాల చుట్టూ ఆవిడే కప్పారు.

"ఎవరైనా చూశారా మేడమ్? నన్ను చూశారా? మా ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అని ఒకటే మాట అంటున్నాను.

"ఏమే, ఇటు చూడు. ఆ దరిద్రాన్ని ఎక్కించింది నేను. నిన్ను ఈడ కూర్చోమంది నేను. బిడ్డకు పాలిచ్చావు, అంతే. తప్పు నీది కాదు" అన్నారు.

ఆ సాయంత్రమే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. పాపను చంకనేసుకుని నేను ఆవిడ వెనకాల నిలబడ్డాను. ఫిర్యాదు రాసుకునే అతను తలెత్తి అడిగాడు. "ఆ టైములో కెమెరా ముందు ఎవరున్నారమ్మా?"

నేను మేడమ్ వెనక్కి ఇంకాస్త జరిగాను.

"నేనే నాయనా" అన్నారు మేడమ్. "ఎండకు తాళలేక బుర్ఖా తీసి, పైట దించి గాలికి కూర్చున్నా. రాసుకో."

అతని కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాసుకుపోయాడు.

బయటికొచ్చాక ఏడుపాగలేదు నాకు. "ఎందుకట్టా చెప్పారు? రేపు ఊళ్ళో ఏమనుకుంటారు?"

"నన్నడిగే అత్త లేదు, మొగుడు లేడు. నీకు రాత్రికి పోయి తలదాచుకోను ఇల్లుండాల గదా" అన్నారు. మాట గట్టిగానే ఉంది. నా చెయ్యి పట్టుకున్న ఆవిడ చెయ్యి మాత్రం ఆ ఉక్కలో కూడా చల్లగా ఉంది.

మెషీన్ పరీక్ష చేసినవాళ్ళు, వీడియో బయటికి పోయిన మాట నిజమేనన్నారు. ఎక్కడికి పోయిందో తేలలేదు. ఆ గదిలో కూర్చుని మాట్లాడిన ఆడవాళ్ళందరి ఇళ్ళకూ మేడమ్ స్వయంగా వెళ్ళి ఉన్నమాట చెప్పి వచ్చారు. కొందరు తిట్టారు, కొందరు తలుపేసుకున్నారు. ఊరి నోరు మూసేదెవరు? స్టేషన్లో చెప్పిన మాట వీధి వీధీ తిరిగింది. మా అత్త కూడా, "సిగ్గూశరం లేని మనిషి. ఆమె దగ్గర పని మానెయ్, మన పరువు పోద్ది" అంది. ఆ పరువు ఎవరి పుణ్యాన నిలబడిందో చెప్పలేక కంచం ముందు నుంచి లేచిపోయాను. పని మాత్రం మానలేదు. జనం పల్చబడి సెంటర్ మూతపడే దాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. అప్పుడు కూడా ఆవిడ నాకు కెమెరాలు విప్పి చూపిస్తూనే ఉన్నారు. "లైటును నమ్మబాకు. కొన్నిటికి అది వెలక్కుండా కూడా చెయ్యొచ్చు. మూతను నమ్ము, వైరును నమ్ము" అనేవారు.

ఆ మాటతో నా భయం రెండింతలైంది, నిజం చెప్పొద్దూ. ఆ రోజు బిళ్ళ ఊడింది కాబట్టి చూశాను. ఊడకముందు దాని కింద లైటు ఎన్నిసార్లు వెలిగిందో! ఇన్నేళ్ళకు కూడా తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వస్తే వేలు దాని మీదికి పోదు. మేడమ్ పోయి రెండేళ్ళయింది. భయం పోలేదు.

మొన్న మా షాపుకు డిగ్రీ చదివే పిల్ల ఒకతె వచ్చింది. ల్యాప్‌టాప్‌ను చున్నీలో చుట్టి తెచ్చింది. "అక్కా, లైటు దానంతటదే వెలిగింది. నేను బట్టలు మార్చుకుంటన్నా" అంటూ దాన్ని నా ముందుకు తోసింది. ల్యాప్‌టాప్ కెమెరాకు లాగడానికి వైరు కూడా ఉండదు. నా నుదుటి బొట్టుబిళ్ళ తీసి ముందు దానికి అతికించాను. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"తప్పు నీది కాదమ్మా" అన్నాను.

"స్టేషన్‌కు పోతే ఎవరని అడుగుతారా అక్కా? మా నాన్నకు తెలిస్తే..."

నా చేతులు చల్లబడ్డాయి. మేడమ్ చెయ్యి ఆ రోజు ఎందుకంత చల్లగా ఉందో అప్పుడు తెలిసింది.

"అడుగుతారు" అన్నాను, షట్టర్ తాళాలు అందుకుంటూ. "అడిగితే, అది మా షాపు ల్యాప్‌టాప్ అనీ, దాని ముందున్నది నేననీ చెప్తా. పద."