గాలిఓడకు మూడు ఎర్ర కుట్లు

హిందూపురంలో నా జిరాక్స్ అంగడిని ఆనుకునే హసీనాబీ షామియానాల అంగడి. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకూ ఉరుసులకూ ఎన్నికల సభలకూ ఆమె కుట్టిన నీడే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఆమె నవ్వితే నా మిషన్లో కాయితం ఇరుక్కుంటుందని ఏడిపిస్తుంటాను.

ఏది కుట్టినా చివర్లో మూలకు ఎర్రదారంతో మూడు కుట్లు వేయడం ఆమె అలవాటు. అది చాదస్తం కాదు. పెద్ద పెళ్లయితే నాలుగు అంగళ్ల షామియానాలు కలిసిపోతాయి. మూల చూసుకునే ఎవరిది వాళ్లు విప్పుకుపోవాలి. గాలివానకు చినిగినా ఆ గుర్తు చూసే వచ్చి తగువు పెట్టుకుంటారు.

అలాంటి మనిషికి పోయిన ఏడాది గాలిఓడ పని వచ్చింది. ఆ పాపం నాదే. మా అంగట్లో డ్రాయింగులు జిరాక్స్ తీయించుకోవడానికి గాలిఓడ తయారుచేసే కంపెనీ నుంచి కావ్య అనే ఇంజనీరమ్మ వచ్చేది. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, బెంగళూరులో చదివింది. గుడ్డ పని తెలిసినవాళ్లు కావాలంటే పక్క అంగడి చూపించాను.

"విమానం గాల్లో నిలబడేదానికే బోలెడు నూనె కాల్స్తాది అంకుల్. ఇది ఊరికే తేల్తాది. ముందుకు పోయేదానికి మాత్రం బ్యాటరీ మోటార్లు" అంది కావ్య.

"పాతకాలంలో అట్లాటివి అంటుకొని కాలిపోయినాయంట కదమ్మా?"

"అప్పుడు నింపింది మండే గాలి. మేం నింపేది హీలియం. అగ్గిపుల్ల గీసినా మండదు. గాలిమరల రెక్కలు లారీల మీద పోతాంటే పెనుకొండ కాడ రోడ్డంతా ఆగిపోతాది, సూడ్లేదా? పెద్ద గాలిఓడ వస్తే ఆ రెక్కను పైనుంచే తీసుకుపోతాది. రన్‌వే అక్కర్లేదు, శెనక్కాయ చేన్లో అయినా దిగతాది."

చదువుకున్న పిల్లలకు తిక్క పుడితే ఇలాగే ఉంటుందనుకున్నాను. నేల విడిచి సాము చేయొద్దని హసీనాబీకి చెప్పాను. ఆమె వినకుండా మర్నాడే బస్సెక్కింది.

సోమందేపల్లి దాటాక రేకుల షెడ్డు. అందులోకి సూదికి ప్రవేశం లేదు. గుడ్డ ముక్కలను పట్టీ పెట్టి వేడి ఇస్త్రీతో అతికించాలి తప్ప కుట్టకూడదు. సూదిబెజ్జం ఒక్కటి ఉన్నా హీలియం సందు చూసుకుని జారుకుంటుంది. అందుకని ఆడవాళ్లంతా గేటు దగ్గరే పిన్నీసులు తీసి డబ్బాలో వేసి పోవాలి. మొదటి వారం పన్నెండు మంది ఆడవాళ్లు ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకుని పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

"సూది ల్యాకుండా పని చెయ్యమంటే నోరు ల్యాకుండా తిట్టమన్నట్ల ఉండాది సామీ" అని హసీనాబీ నా దగ్గర వాపోయింది. నా పేరు కుమారస్వామి, ఆమెకు సామీనే. అయినా రెండు నెలలు తిరిగేసరికి ఆమే అందరికీ మేస్త్రీ అయింది.

డబ్బు పెట్టే అతిథులు వచ్చి చూసే రోజున పనిచేసిన ఆడవాళ్లలో ఒకరిని గాలిఓడ ఎక్కిస్తామని కావ్య మాటిచ్చింది. చీటీలు వేస్తే హసీనాబీ పేరు వచ్చింది. ఆమె ఎగిరి గంతేసింది. ఆమె సంతోషానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఉరుసులో రంగులరాట్నం ఎక్కుతానంటే నాయన వద్దన్నాడంట. పెళ్లయ్యాక అడిగితే కళ్లు తిరిగి పడతావని మొగుడన్నాడంట. మొగుడు పోయాక ముసల్దానివి నీకెందుకని కొడుకులన్నారంట.

"ఈ తూరి ఎవుర్నీ అడగను సామీ. ఎక్కేసి, దిగినాంక సెప్తా" అంది.

గాలిఓడను నింపారు. నలభై మీటర్ల పొడుగున వెండిరంగు సొరకాయలా షెడ్డు నిండా తేలింది. నేను కూడా నోరు తెరిచాను. మర్నాటికి దాని తోక వాలింది. మళ్లీ నింపారు, మళ్లీ వాలింది. ఎక్కడో కారుతోంది. నాలుగు రోజుల్లో అతిథులు వస్తారు. అప్పటికి ఎగరకపోతే పని వేరే రాష్ట్రానికి తరలిపోతుందని అందరికీ తెలిసిపోయింది.

కన్నం వెతికే విద్య మాత్రం మన సైకిలు అంగడి విద్యే. సబ్బునీళ్లు పూసి, బుడగ వచ్చేది ఎక్కడో చూడాలి. మూడు రోజులు అదే పని. మూడోరోజు నేను గేటు పాసుల కాయితాలు ఇచ్చిపోదామని వెళితే, హసీనాబీ నా చేతికి బకెట్ ఇచ్చి నిచ్చెన పట్టుకోమంది.

తోక కింద, తాడు కట్టే మూల దగ్గర ఆమె బ్రష్షు ఆగిపోయింది.

"సామీ" అంది. బ్రష్షుతోనే పైకి చూపించింది.

తలెత్తి చూశాను. మూడు ఎర్ర కుట్లు. వాటి మీద సబ్బు బుడగలు ఉబ్బుతున్నాయి, పగులుతున్నాయి, మళ్లీ ఉబ్బుతున్నాయి. ఆమె చెయ్యి మెల్లగా రవిక అంచుకు పోయింది. అక్కడ దారంతో సహా సూది గుచ్చి ఉంది. గేటు దగ్గర పిన్నీసులన్నీ తీసిన మనిషి దాన్ని మాత్రం మరిచింది. ముప్పై ఏళ్లుగా అది అక్కడే ఉంటుంది, ఉందనే ధ్యాసే లేదు. చివరి పట్టీ అతికించాక చేయి దాని పాటికి అది ఆ మూడు కుట్లూ వేసేసింది.

చుట్టూ చూశాను. దగ్గర్లో ఎవరూ లేరు. గుసగుసగా చెప్పాను: "అక్కా, నోరు మూసుకో. దారం పీకేసి పట్టీ అతికించేయ్. కన్నం దొరికినాది, మూసేసినాం అను. ఎవురు కుట్టినారని ఎవురడగతారు?"

"సెప్తే సీటు పోతాది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోతాది. అందుకే సెప్పొద్దంటాండా."

ఆమె కాసేపు ఆ కుట్లనే చూసింది. "నా గుర్తు ఉండే గుడ్డ నాది కాదని ఇంతవరకూ అన్లేదు సామీ" అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఉన్నట్టుండి పక్కున నవ్వి, రేకులు అదిరేలా కేకేసింది. "పాపా కావ్యా! దొంగ దొరికినాదమ్మా! ఆ దొంగను నేనే!"

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది.

కావ్య వచ్చి కుట్లు చూసింది, సూది చూసింది. మిగతా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు గానీ ఆ పిల్ల నవ్వలేదు. "మూడు దినాలాయ హసీనమ్మా, నేను కడుపునిండా తిని" అంది. అక్కడికక్కడే అతిథుల రోజు సీటు ఆ ఆడవాళ్లలోనే ఉన్న చౌడక్కకు రాసేసింది.

"న్యాయమేలే పాపా" అంది హసీనాబీ. అందరి ముందూ భోరుమని ఏడ్చింది. ముఖం తుడుచుకుని, ఇస్త్రీపెట్టె తెప్పించి పట్టీ అతికించింది. మళ్లీ సబ్బునీళ్లు పూస్తే ఒక్క బుడగ లేదు. రాత్రి గడిచినా తోక వాలలేదు.

అతిథులకంటే ముందు ఒకసారి ఎగరేసి చూడాలి. తెల్లారి గాలి లేని వేళ గాలిఓడను బయటికి తెచ్చారు. పైలట్ సాయిప్రసాద్ ఆ పట్టీని రెండుసార్లు చూసి "నిలుస్తాదా?" అని అడిగాడు. కావ్య హసీనాబీ వైపు తిరిగింది.

"నువ్వేసిన అతుకు కింద నువ్వు కూర్చుంటావా? నేనూ కూర్చుంటా."

అది బహుమానం కాదు, పరీక్ష. ఆ తేడా ఆమెకు పట్టలేదు. చెప్పులు విడిచి, బిస్మిల్లా అని ఎక్కేసింది.

గాలిఓడ చప్పుడు లేకుండా లేచింది. చేన్లోని గొర్రెలు చెదిరాయి. రోడ్డు మీద లారీలు ఆపి డ్రైవర్లు దిగారు. పైనుంచి ఒకటే కేకలు: "పెనుకొండ కోట కనపడతాండాది సామీ! అల్లా, ఇదంతా మన్దేనా!" నేను కింద పరిగెత్తాను. యాభై రెండేళ్ల వయసులో, పొట్టేసుకుని, ఏడుస్తూ నవ్వుతూ పరిగెత్తాను. ఎందుకంటే చెప్పలేను.

గాలిఓడ దిగాక ఇంకో తంటా. హసీనాబీని దింపి ఇంకో చుట్టు తిప్పాలన్నారు. ఆమె ఊరికే దిగిపోతే బరువు తగ్గి అది పైకి లేస్తుందంట. ఆమె దిగాలంటే అంత బరువున్న మనిషి ముందు ఎక్కాలి. తాళ్లు పట్టుకున్నవాళ్లంతా బక్కప్రాణాలు. అందరి కళ్లూ నా పొట్ట మీదికి వచ్చాయి.

"రా సామీ, నువ్వెక్కితే గానీ నేను దిగేకి ల్యాదంట" అని హసీనాబీ పకపకా నవ్వింది. ఇసుక మూటలు పెట్టుకోండని నేను మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఎక్కాను. నేల జారిపోయింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, కాసేపటికి కావ్యను అడిగాను: "ఆ అతుకు కింద కూర్చోడానికి నీకు బయం ల్యాదామ్మా?"

"తప్పు ఒప్పుకున్న చెయ్యి అంకుల్ అది. బయమంతా ఒప్పుకోని చేతులతోనే."

అంత ఎత్తున నాకు అబద్ధంతో కూర్చోబుద్ధి కాలేదు. "ఆమెను నోరు మూసుకోమన్నది నేనేనమ్మా" అన్నాను.

"తెలుసు. రేకుల షెడ్డు కదా, మీ గుసగుస ఆ కొనకు కూడా వినపడింది" అంది కావ్య, ముందుకే చూస్తూ. "ఆమె ఏం సెప్తాదో అని ఊపిరి బిగబట్టి నిలబడింటి. అందుకే ఆమెను ముందు ఎక్కించినా, మిమ్మల్ని తర్వాత."

తల వంచి కిందికి చూశాను. హసీనాబీ రెండు చేతులూ ఊపుకుంటూ, చేన్లో మా వెంటే పరిగెత్తుతోంది.